ఎనిమిదేళ్లకు దొరికిన ఒక టెస్టు: 2014 భారత మహిళల ఇంగ్లండ్ పర్యటన

సభాధ్యక్షులకు, ఈ ప్రసంగాల వరుసను ఓపికగా నడుపుతున్న గ్రంథాలయ మిత్రులకు, అకాడమీ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన కోచ్‌లకు, తల్లిదండ్రులకు నమస్కారం. మహిళల క్రికెట్ గురించి మాట్లాడమని నన్ను అడిగారు. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచకప్ గెలిచిన సంగతి చెబుతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. ఆ మ్యాచ్ మీరందరూ చూశారు, బంతి బంతికీ చర్చించుకున్నారు, దాని గురించి మీకు తెలియనిది నేను చెప్పగలిగేది పెద్దగా లేదు. అందుకని ఈ సాయంత్రం అంతకు పదకొండేళ్ల ముందుకు వెళ్దాం. 2014 ఆగస్టులో భారత జట్టు ఇంగ్లండ్‌లో పర్యటించింది. ఒక టెస్టు, మూడు వన్డేలు, అంతే. ఆ ఒక్క టెస్టు గురించి, దానికి ముందున్న ఎనిమిదేళ్ల గురించి, దాని తర్వాత వచ్చిన ఏళ్ల గురించి మాట్లాడతాను.

ఎందుకు ఆ టెస్టు? అందులో మనం గెలిచాం కనుక అని మాత్రం కాదు. ఒక పర్యటనను మనం సాధారణంగా ఫలితంతో కొలుస్తాం. సిరీస్ ఎవరిది, ఎంత తేడాతో, ఎవరు ఎన్ని పరుగులు చేశారు అని అడుగుతాం. మహిళల క్రికెట్‌లో వీటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. ఆ పర్యటనకు ముందు ఆ జట్టుకు ఎన్ని మ్యాచ్‌లు ఇచ్చారు, ఆ తర్వాత ఎన్ని ఇచ్చారు? ఈ ప్రశ్న అడిగితేనే ఆ గెలుపు విలువ ఎంతో, ఆ గెలుపు తర్వాత మనం పోగొట్టుకున్నది ఎంతో తెలుస్తుంది.

ముందు 2006తో మొదలుపెడతాను. ఆ వేసవిలో మన జట్టు ఇంగ్లండ్ వెళ్లి రెండు టెస్టులు ఆడింది. లీస్టర్‌లో మొదటిది డ్రా అయింది. టాంటన్‌లో రెండోదానిని 5 వికెట్ల తేడాతో గెలిచాం. ఇంగ్లండ్ గడ్డ మీద భారత మహిళలకు అది మొదటి టెస్టు విజయం, మొదటి టెస్టు సిరీస్ విజయం కూడా. ఆ మ్యాచ్‌లో ఝులన్ గోస్వామి రెండు ఇన్నింగ్స్‌లోనూ ఐదేసి వికెట్లు తీసి, మొత్తం 78 పరుగులకు 10 వికెట్లు పడగొట్టింది. కెప్టెన్ మిథాలీ రాజ్. ఇద్దరూ అప్పటికి పాతికేళ్లు కూడా నిండని వాళ్లు. అలాంటి సిరీస్ గెలిచిన జట్టుకు మరుసటి ఏడాది కాకపోతే ఆపై ఏడాదైనా ఇంకో టెస్టు దొరుకుతుందని ఎవరైనా అనుకుంటారు కదా? దొరకలేదు. 2007లో లేదు, 2008లో లేదు, 2010లో లేదు, 2013లోనూ లేదు. ఆ మధ్యకాలంలోనే మన మహిళల క్రికెట్ నిర్వహణ బీసీసీఐ చేతికి వచ్చింది, టీ20లు వచ్చాయి, ప్రపంచకప్‌లు జరిగాయి, మన జట్టు అన్నింటిలోనూ ఆడింది. టెస్టు మాత్రం ఆడలేదు.

ఇది మన ఒక్కరి కథ కాదని కూడా చెప్పాలి. ఆ ఎనిమిదేళ్లలో ప్రపంచం మొత్తం మీద జరిగిన మహిళల టెస్టులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2007లో రోటర్‌డామ్‌లో దక్షిణాఫ్రికా, నెదర్లాండ్స్ ఆడిన ఒక టెస్టును పక్కన పెడితే, మిగిలినవన్నీ ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడుకున్న యాషెస్ టెస్టులే. అంటే ఆ రెండు జట్లూ ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి టెస్టుల్లో వాడే ఎర్ర బంతి ముందు నిలబడుతూనే ఉన్నాయి. మిగిలిన ప్రపంచం ఆ ఆటకు దూరమైపోయింది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. 2014 టెస్టు జరిగిన వార్మ్స్‌లీలో మన ఎదుట నిలిచిన జట్టు ఆ రెండింటిలో ఒకటి.

వార్మ్స్‌లీ అనే పేరు మీలో చాలామంది విని ఉండరు. బకింగ్‌హామ్‌షైర్ జిల్లాలో, చిల్టర్న్ కొండల నడుమ, గెట్టీ కుటుంబానికి చెందిన ఎస్టేట్‌లో ఉన్న మైదానం అది. జాన్ పాల్ గెట్టీ దానిని కట్టించుకున్నారు, 1992లో ప్రారంభమైంది. లార్డ్స్‌లా, ఓవల్‌లా వేలమంది కూర్చునే స్టేడియం కాదు. చుట్టూ చెట్లు, పచ్చిక, ఒక పెవిలియన్. అంతకు ముందు ఏడాది, 2013 ఆగస్టులో ఇంగ్లండ్ మహిళలు ఆస్ట్రేలియాతో యాషెస్ టెస్టు ఆడింది కూడా అక్కడే. వాళ్లకు ఆ మైదానం తెలుసు. మనవాళ్లకు ఆ మైదానమే కాదు, ఆ ఆట కూడా కొత్త.

కొత్త అని ఊరికే అనడం లేదు. ఆ రోజు మైదానంలోకి దిగిన పదకొండు మందిని చూడండి. అంతకుముందు టెస్టు ఆడినవాళ్లు ముగ్గురు: మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి, వికెట్‌కీపర్ కరుణా జైన్. మిగిలిన ఎనిమిది మందికీ అదే మొదటి టెస్టు. మళ్లీ చెబుతాను, పిల్లలు ఈ లెక్క రాసుకోండి: ముగ్గురు పాతవాళ్లు, ఎనిమిది మంది కొత్తవాళ్లు. ఆ ఎనిమిది మందీ ఎవరు? సాంగ్లీ నుంచి వచ్చిన స్మృతి మంధాన, అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. తమిళనాడు నుంచి తిరుష్ కామిని, నిరంజన నాగరాజన్. ముంబై నుంచి పూనమ్ రౌత్. పంజాబ్‌లోని మోగా నుంచి హర్మన్‌ప్రీత్ కౌర్. గోవాకు ఆడుతూ వైమానిక దళంలో అధికారిణిగా పనిచేస్తున్న శిఖా పాండే. జార్ఖండ్ నుంచి శుభలక్ష్మి శర్మ. ఉత్తరాఖండ్ కొండల్లోని అల్మోరా నుంచి ఏక్తా బిష్త్. వీళ్లలో కొందరు అంతర్జాతీయ క్రికెట్‌కు కొత్తవాళ్లేమీ కాదు. హర్మన్‌ప్రీత్ 2009 నుంచి దేశానికి వన్డేలు ఆడుతోంది. ఐదేళ్లు దేశానికి ఆడి, ఒక్క టెస్టు కూడా ఆడని బ్యాటర్! పురుషుల క్రికెట్‌లోనైతే దాన్ని ఎంపిక సంఘం నిర్ణయం అనేవాళ్లం. ఇక్కడ ఎంపిక ప్రశ్నే లేదు, ఎంపిక చేయడానికి అసలు టెస్టే లేదు.

మహిళల టెస్టు ఎలా ఆడతారో ఒకసారి చెప్పుకుని ముందుకు వెళ్దాం. మామూలుగా ఐదు రోజులకు బదులు నాలుగు రోజులు, రోజుకు 100 ఓవర్లు. బంతి పురుషుల బంతికంటే కాస్త తేలిక, 140 నుంచి 151 గ్రాముల మధ్య ఉంటుంది. బౌండరీ దగ్గరగా ఉంటుంది. వీటితో ఆట కష్టం తగ్గదు. ఎర్ర బంతి కొత్తగా ఉన్నప్పుడు ఇంగ్లండ్ గాలిలో అది ఎటు వంగుతుందో, పిచ్ మీద పడ్డాక సీమ్, అంటే బంతి మీది కుట్టు, తగిలి ఎటు తిరుగుతుందో చివరి క్షణం దాకా తెలియదు. వన్డేలో బ్యాటర్ ప్రతి బంతినీ పరుగు కోసం వెతుకుతుంది. టెస్టులో ఏ బంతిని ఆడకుండా వదిలేయాలో నేర్చుకోవాలి. ఆఫ్ స్టంప్ ఎక్కడుందో కళ్లతో కాకుండా కాళ్లతో తెలుసుకోవాలి. ఇక్కడున్న కోచ్‌లకు నేను చెప్పనక్కర్లేదు, వదిలేయడం నెట్స్‌లో రాదు. రెండు గంటలు, మూడు గంటలు నిజమైన మ్యాచ్‌లో నిలబడితేనే వస్తుంది. మరి ఆ మ్యాచ్‌లే లేకపోతే ఎక్కడ నేర్చుకుంటారు?

అవతలి జట్టు సంగతి కూడా చూడాలి. ఆ ఏడాదే ఇంగ్లండ్ బోర్డు 18 మంది మహిళా క్రికెటర్లకు పూర్తికాలపు వృత్తి ఒప్పందాలు ఇచ్చింది. క్రికెట్ ఆడటమే వాళ్ల ఉద్యోగం. ఆ జనవరిలోనే వాళ్లు పెర్త్‌లో ఆస్ట్రేలియాను టెస్టులో ఓడించి, యాషెస్‌ను నిలబెట్టుకుని వచ్చారు. కెప్టెన్ షార్లెట్ ఎడ్వర్డ్స్, జట్టులో సారా టేలర్, హీథర్ నైట్, జెన్నీ గన్ లాంటి అనుభవజ్ఞులు. మనవాళ్లకు బోర్డు ఒప్పందాలు లేవు. అవి మరుసటి ఏడాది, 2015లో మొదటిసారి వచ్చాయి. అప్పటిదాకా రైల్వేలు ఇచ్చిన ఉద్యోగాలే మన మహిళల క్రికెట్‌ను పోషించాయి. ఈ విషయంలో రైల్వేలకు మనం ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. ఆ ఉద్యోగాలు లేకపోతే పాతికేళ్లు దాటగానే ఎంతమంది ఆట మానేసి ఉండేవారో ఒక్కసారి ఆలోచించండి. ఇంటికి జీతం తెచ్చే ఉద్యోగం ఉంది కనుకనే తల్లిదండ్రులు ఇంకొన్నేళ్లు ఆడనిచ్చారు.

ఇప్పుడు మ్యాచ్‌లోకి వెళ్దాం. 2014 ఆగస్టు 13న మొదలైంది. ఇంగ్లండ్ మొదట బ్యాటింగ్ చేసి 92 పరుగులకు ఆలౌటయింది. అవును, 92. నిరంజన నాగరాజన్ 19 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది, తన మొదటి టెస్టులో, మొదటి ఇన్నింగ్స్‌లో. నిరంజన వేగంతో భయపెట్టే బౌలర్ కాదు. ఒకే చోట, మళ్లీ అదే చోట, బ్యాటర్‌కు అనుమానం పుట్టే నిడివిలో బంతిని వేస్తూ పోయే మీడియం పేసర్. అలాంటి బౌలింగ్‌కు ఇంగ్లండ్ పిచ్‌లు పుట్టిల్లు. అయితే ఆ పిచ్ మనకు మాత్రమే సాయం చేస్తుందా? చేయదు. మన వంతు వచ్చేసరికి జెన్నీ గన్ 19 పరుగులకు 5 వికెట్లు తీసింది, మనం 114కే ఆలౌటయ్యాం. ఆధిక్యం 22 పరుగులు.

ఈ 22 పరుగుల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. 450 కొట్టే మ్యాచ్‌లో 22 పరుగులకు లెక్కే లేదు. రెండు జట్ల మొదటి ఇన్నింగ్స్‌లూ కలిపితే 206 పరుగులే వచ్చిన మ్యాచ్‌లో ఆ 22 పరుగులు చాలా పెద్దవి. ఆ ఇన్నింగ్స్ చివర్లో ఒక్కో పరుగుకు నిలబడిన దిగువ వరుస బ్యాటర్ల కష్టం స్కోరు పట్టికలో రెండంకెలు కూడా కాకపోవచ్చు, కానీ చివరి ఇన్నింగ్స్ లక్ష్యాన్ని 203 నుంచి 181కి దించింది అదే. ఎర్ర బంతి ఆటలో ఇలాంటి చిన్న మొత్తాల విలువ తెలియాలంటే ఆ ఆట ఆడాలి, చూడాలి.

రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ కుదురుకుని 202 చేసింది. ఝులన్ 48 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. 2006లో టాంటన్‌లో పది వికెట్లు తీసిన ఝులనే, మధ్యలో ఎనిమిదేళ్లు ఒక్క టెస్టు కూడా ఆడకుండా, మళ్లీ అదే దేశంలో అదే పనిచేసింది. చక్దహా నుంచి తెల్లవారుజామున రైలెక్కి కోల్‌కతా వెళ్లి సాధన చేసిన అమ్మాయి ఆమె. ఒక ఫాస్ట్ బౌలర్ జీవితంలో 23 నుంచి 31 ఏళ్ల మధ్య కాలం అంటే ఏమిటో మీకు తెలుసు. శరీరం బలంగా, బుద్ధి చురుగ్గా, రెండూ కలిసి పనిచేసే ఏళ్లు అవి. ఆ ఏళ్లలో ఝులన్ వేయగలిగి ఉండిన టెస్టు ఓవర్లు ఎన్ని? వాటిని మనం ఎప్పటికీ చూడలేం.

లక్ష్యం 181. ఆ మ్యాచ్‌లో అప్పటికి ముగిసిన మూడు ఇన్నింగ్స్ చూడండి: 92, 114, 202. అంటే మనం గెలవాలంటే, అంతకుముందు రెండుసార్లు నూటపదిహేను దాటని పిచ్ మీద, నాలుగో ఇన్నింగ్స్‌లో 181 చేయాలి. ఓపెనర్లుగా స్మృతి మంధాన, తిరుష్ కామిని వెళ్లారు. స్మృతి 51 పరుగులు చేసింది, పద్దెనిమిదేళ్ల వయసులో, మొదటి టెస్టులో, నాలుగో ఇన్నింగ్స్‌లో. కామిని 28. తర్వాత వికెట్లు పడ్డాయి. నాలుగు వికెట్లు పడ్డాక ఒక చివర మిథాలీ, మరో చివర శిఖా పాండే. ఒకరికి పన్నెండేళ్ల టెస్టు అనుభవం, ఇంకొకరికి అదే మొదటి టెస్టు. ఇద్దరూ అవుట్ కాలేదు. నాలుగు వికెట్లకు 183. భారత్ 6 వికెట్ల తేడాతో గెలిచింది. మిథాలీ 50 నాటౌట్.

ఈ 50 గురించి నాకు ఒక బలమైన అభిప్రాయం ఉంది, మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు. మిథాలీ రాజ్ టెస్టు క్రికెట్ అనగానే అందరూ 2002 టాంటన్ గుర్తుచేస్తారు. అది సహజమే. ఆమె మన సికింద్రాబాద్ మైదానాల్లో తెల్లవారుజామున సాధన చేసి పెరిగిన అమ్మాయి, భరతనాట్యం వదిలి బ్యాట్ పట్టుకున్న అమ్మాయి. 1999లో మిల్టన్ కీన్స్‌లో ఐర్లండ్ మీద మొదటి వన్డేలోనే 114 నాటౌట్ కొట్టినప్పుడు ఆమెకు పదహారేళ్లు. 2002 జనవరిలో లక్నోలో ఇంగ్లండ్ మీద ఆడిన మొదటి టెస్టులో సున్నాకు అవుటయింది. అదే ఏడాది ఆగస్టులో, అదే ఇంగ్లండ్ మీద, టాంటన్‌లో 407 బంతులు ఆడి 214 చేసింది. దాదాపు పది గంటలు క్రీజులో ఉంది. అప్పటికి మహిళల టెస్టుల్లో అదే అత్యధిక వ్యక్తిగత స్కోరు, అంతకుముందు ఏడాదే ఆస్ట్రేలియాకు చెందిన కారెన్ రోల్టన్ చేసిన 209 నాటౌట్‌ను దాటింది. పందొమ్మిదేళ్ల అమ్మాయి!

అది గొప్ప ఇన్నింగ్స్, సందేహం లేదు. అయినా వార్మ్స్‌లీ 50 దానికంటే గొప్పదని నేను అంటాను. టాంటన్‌లో మ్యాచ్ డ్రా వైపు సాగింది, ఇన్నింగ్స్‌ను ఎంత పొడవుగా అయినా కట్టుకునే వీలుంది. వార్మ్స్‌లీలో ప్రతి పరుగూ లక్ష్యంలోంచి తగ్గుతూ ఉంది, ప్రతి వికెట్టూ ఓటమిని దగ్గరకు తెస్తోంది. వెనక డ్రెస్సింగ్ రూమ్‌లో మిగిలినవాళ్లలో ఎక్కువమందికి అది మొదటి టెస్టు. తాను అవుటైతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పైగా టాంటన్‌లో ఆడిన ఏడాదిలో ఆమె అంతకుముందే రెండు టెస్టులు ఆడింది, అలవాటు తాజాగా ఉంది. వార్మ్స్‌లీలో ఎనిమిదేళ్లుగా ఆడని ఆటను, ఎక్కడ వదిలిపెట్టిందో అక్కడి నుంచే అందుకుంది. 2006 టాంటన్‌లోనూ ఆమే కెప్టెన్, 2014 వార్మ్స్‌లీలోనూ ఆమే కెప్టెన్. 2021 వరకు ఇంగ్లండ్‌లో భారత మహిళలు గెలిచిన టెస్టులు ఆ రెండే.

అదే పర్యటనలో ఆ తర్వాత జరిగిన వన్డే సిరీస్ ఓడిపోయాం. దాని గురించి ఎక్కువ చెప్పను. అయితే ఒక మాట గమనించండి. ఏళ్ల తరబడి ఆడుతున్న వన్డేల్లో ఓడిన జట్టు, ఎనిమిదేళ్లు ఆడని టెస్టులో గెలిచింది. మన మహిళలకు టెస్టు ఆడే సామర్థ్యం లేదనీ, ఆడితే పరువు పోతుందనీ ఎవరైనా అనుకుని ఉంటే, వాళ్లకు ఇంతకంటే స్పష్టమైన సమాధానం ఏం కావాలి?

మరి ఆ గెలుపు తర్వాత ఏమైంది? అదే ఏడాది నవంబరులో మైసూరులో దక్షిణాఫ్రికాతో ఒక టెస్టు ఆడాం. ఇన్నింగ్స్ 34 పరుగుల తేడాతో గెలిచాం. తిరుష్ కామిని 192, పూనమ్ రౌత్ 130. హర్మన్‌ప్రీత్ ఆఫ్ స్పిన్‌తో మ్యాచ్‌లో 9 వికెట్లు తీసింది. మూడు నెలల్లో రెండు టెస్టులు, రెండు విజయాలు. అక్కడితో ఆగిపోయింది. 2015లో టెస్టు లేదు. 2016లో లేదు. 2017లో మన అమ్మాయిలు లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఆడారు, దేశమంతా టీవీల ముందు కూర్చుంది, ఆ ఏడాదీ టెస్టు లేదు. 2018లో, 2019లో, 2020లో లేదు.

తిరుష్ కామిని గురించి ఆలోచించండి. వార్మ్స్‌లీలో 17, 28. మైసూరులో 192. ఆ మూడు ఇన్నింగ్స్‌తో ఆమె టెస్టు జీవితం ముగిసింది. ఆడిన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో 192 కొట్టిన ఓపెనర్‌కు మళ్లీ టెస్టులో బ్యాట్ పట్టే అవకాశం రాలేదు. ఆమె ఫామ్ కోల్పోయి కాదు, టెస్టుల్లో విఫలమై కాదు. టెస్టులే జరగలేదు. వార్మ్స్‌లీలో గెలిచిన ఆ పదకొండు మందిలో ఐదుగురు, అంటే కామిని, కరుణా జైన్, నిరంజన, ఏక్తా బిష్త్, శుభలక్ష్మి, 2014 తర్వాత ఇంకో టెస్టు ఆడలేదు. మొదటి టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో నాలుగు వికెట్లు తీసిన నిరంజన కూడా అందులో ఉంది. ఆ టెస్టు గెలిచిన జట్టులో దాదాపు సగం మంది! ఈ వాక్యం చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

2021 జూన్‌లో, దాదాపు ఏడేళ్ల తర్వాత, మళ్లీ ఇంగ్లండ్‌లోనే, బ్రిస్టల్‌లో టెస్టు ఆడాం. ఈసారి ఎవరు దిగారు? పాతవాళ్లు ఆరుగురు, కొత్తవాళ్లు ఐదుగురు. ఆ ఆరుగురూ ఎవరు? మిథాలీ, ఝులన్, స్మృతి, హర్మన్‌ప్రీత్, పూనమ్ రౌత్, శిఖా పాండే. ఆరుగురూ వార్మ్స్‌లీలో ఆడినవాళ్లే. అంటే ఆ పాతవాళ్లలో వార్మ్స్‌లీ తర్వాత టెస్టుల్లోకి వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. ఆ బ్రిస్టల్ టెస్టును అంతకుముందు టీ20 ఆడిన పిచ్ మీదే పెట్టారు. ఇంగ్లండ్ బోర్డు తర్వాత విచారం వ్యక్తం చేసింది. ఏడేళ్లకు దొరికిన టెస్టుకు కొత్త పిచ్ కూడా దొరకలేదు. అయినా ఏం జరిగింది? పదిహేడేళ్ల షెఫాలీ వర్మ మొదటి ఇన్నింగ్స్‌లో 96, రెండో ఇన్నింగ్స్‌లో 63 చేసింది. ఫాలో ఆన్ ఆడుతూ, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగి, ఓటమి అంచున ఉన్నప్పుడు స్నేహ్ రాణా 80 నాటౌట్‌తో, తానియా భాటియా 44 నాటౌట్‌తో తొమ్మిదో వికెట్‌కు 104 పరుగులు జోడించి మ్యాచ్‌ను డ్రాగా మలిచారు. ఆ ఇద్దరికీ అదే మొదటి టెస్టు.

ఇప్పుడు ఒక పెద్ద లెక్క చెబుతాను. 1986లో మన మహిళలు మొదటిసారి ఇంగ్లండ్‌లో టెస్టులు ఆడారు. అప్పటి నుంచి 2021 వరకు అక్కడ ఆడినవి తొమ్మిది టెస్టులు. 1986లో మూడు, 1999లో ఒకటి, 2002లో ఒకటి, 2006లో రెండు, 2014లో ఒకటి, 2021లో ఒకటి. ఏడు డ్రాలు, రెండు గెలుపులు. ఓటమి ఒక్కటీ లేదు. ముప్పై అయిదేళ్లలో ఇంగ్లండ్ గడ్డ మీద ఒక్క టెస్టు కూడా ఓడని జట్టు మనది. పురుషుల జట్టు గురించి ఇలాంటి మాట చెప్పగలిగితే ఊరూరా దండోరా వేసేవాళ్లం. ఆ 1986 పర్యటనలోనే వూస్టర్‌లో సంధ్యా అగర్వాల్ 190 చేసి, 1935 నుంచి నిలిచి ఉన్న బెట్టీ స్నోబాల్ 189 రికార్డును దాటింది. ఆ పర్యటనలోనే మన క్రీడాకారిణి డయానా ఎడుల్జీని లార్డ్స్ పెవిలియన్‌లోకి రానివ్వలేదు, కారణం ఆమె మహిళ కావడమే. అక్కడి క్లబ్ మహిళలకు సభ్యత్వం ఇవ్వడానికి ఒప్పుకున్నది 1998లో. అదే లార్డ్స్‌లో భారత్, ఇంగ్లండ్ మహిళల మధ్య 2026 జూలైలో టెస్టు పెడుతున్నట్టు ప్రకటించారు. ఆ మైదానంలో మహిళల టెస్టు అదే మొదటిది. నేను సంతోషించాను. వెంటనే, ఆ తర్వాతి టెస్టు ఎప్పుడు అని కూడా అడిగాను.

ఎందుకంటే ఇదే ప్రశ్న 2006లో అడగలేదు, 2014లో అడగలేదు. మిథాలీ రాజ్ 23 ఏళ్ల అంతర్జాతీయ జీవితంలో 232 వన్డేలు ఆడింది. టెస్టులు 12. ఝులన్ గోస్వామి 204 వన్డేలు ఆడింది. టెస్టులు 12. ఇద్దరివీ పన్నెండే. ఆ పన్నెండు టెస్టుల్లో ఝులన్ 44 వికెట్లు తీసింది. ఇంకో ముప్పై టెస్టులు దొరికి ఉంటే ఆ సంఖ్య ఎక్కడ ఆగేదో ఎవరు చెప్పగలరు?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నిజాయితీగా వచ్చే అభ్యంతరమే. మహిళల టెస్టులు ఎవరు చూస్తారండీ, టీ20లకు జనం వస్తున్నారు, డబ్బు వస్తోంది, ఆ డబ్బుతోనే కదా ఈ రోజు అమ్మాయిలు బతుకుతున్నారు అంటారు. డబ్బు విషయం నిజమే. 2022లో బోర్డు పురుషులతో సమానంగా మహిళలకూ మ్యాచ్ ఫీజు ప్రకటించింది, టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. చాలా మంచి నిర్ణయం. అయితే టెస్టుకు 15 లక్షలు అని రాసిపెట్టి, ఏడాదికి టెస్టు ఒక్కటి కూడా పెట్టకపోతే ఆ కాగితానికి అర్థం ఏముంది? ఇక చూసేవాళ్ల సంగతి. 2023 డిసెంబరులో నవీ ముంబైలో ఇంగ్లండ్‌ను 347 పరుగుల తేడాతో ఓడించాం. మహిళల టెస్టుల్లో పరుగుల పరంగా అంతవరకు అంత పెద్ద విజయం లేదు. దీప్తి శర్మ ఒక ఇన్నింగ్స్‌లో 7 పరుగులిచ్చి 5 వికెట్లు తీసింది. ఆ నెలలోనే వాంఖడేలో ఆస్ట్రేలియా మీద మొదటిసారి టెస్టు గెలిచాం. 2024 జూన్‌లో చెన్నైలో దక్షిణాఫ్రికా మీద షెఫాలీ 205 చేసింది, మిథాలీ తర్వాత టెస్టు డబుల్ సెంచరీ చేసిన రెండో భారత మహిళ. స్నేహ్ రాణా అదే మ్యాచ్‌లో ఒక ఇన్నింగ్స్‌లో 77 పరుగులకు 8 వికెట్లు తీసింది. ఇవన్నీ చూసినవాళ్లు ఎవరూ విసుగుపుట్టింది అనలేదు. చూపిస్తే చూస్తారు. ఏడేళ్లకు ఒకసారి చూపిస్తే అలవాటు ఎలా అవుతుంది?

2025 వేసవిలో మన జట్టు మళ్లీ ఇంగ్లండ్ వెళ్లింది. ఐదు టీ20లు, మూడు వన్డేలు ఆడింది, రెండు సిరీస్‌లూ గెలిచింది. ఇంగ్లండ్‌లో వాళ్ల మీద టీ20 సిరీస్ గెలవడం అదే మొదటిసారి. ఆ సిరీస్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి. నాటింగ్‌హామ్‌లో ఆడిన మొదటి టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు, సిరీస్ మొత్తంలో 10 వికెట్లు. ఆ పేరు వినగానే ఈ హాల్లో ముఖాలు వెలిగాయి, చూస్తున్నాను. ఆ ఎడమచేతి స్పిన్ ఎర్ర బంతితో, నాలుగో రోజు పిచ్ మీద ఎలా ఉంటుందో చూడాలని మీకు లేదా? ఆ పర్యటనలో టెస్టు లేదు. అందుకే ఇదంతా పాత కథ అని నేను అనుకోవడం లేదు.

మరి మనం ఏం చేయగలం? అంతర్జాతీయ పర్యటనల పట్టిక మన చేతిలో లేదు. జిల్లా, రాష్ట్ర స్థాయి ఆట కొంతవరకు మన చేతిలో ఉంది. చాలా ఏళ్ల విరామం తర్వాత 2024లో బోర్డు మహిళలకు అంతర్ జోన్‌ల స్థాయిలో, అంటే కొన్నేసి రాష్ట్రాలు కలిసిన జట్ల మధ్య, మూడు రోజుల మ్యాచ్‌లు మళ్లీ మొదలుపెట్టింది. అయితే జోన్ జట్టులోకి వెళ్లేది కొద్దిమందే. అంతకు కింద, పదమూడు, పదిహేనేళ్ల అమ్మాయికి ఎర్ర బంతి మ్యాచ్ ఎక్కడ దొరుకుతోంది? ఈ సభలో అకాడమీలు నడిపేవాళ్లు ఉన్నారు, జిల్లా సంఘాల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు. మీ అమ్మాయిలకు ఏడాదికి కనీసం నాలుగైదు రెండు రోజుల మ్యాచ్‌లు పెట్టండి. పక్క జిల్లా అకాడమీతో మాట్లాడుకుంటే దానికి పెద్ద ఖర్చు కాదు. ఒక మైదానం, ఇద్దరు అంపైర్లు, మధ్యాహ్న భోజనం, ఎర్ర బంతులు చాలు. తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. మీ అమ్మాయి నలభై బంతులు ఆడి ఎనిమిది పరుగులు చేసి ఇంటికి వస్తే, ఎందుకంత నెమ్మదిగా ఆడావని అడగకండి. ఎన్ని బంతులు వదిలేశావని అడగండి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. మిగిలిన అరగంటా మీ ప్రశ్నలకే. ముందు పిల్లలు అడగాలి, పెద్దలు ఆ తర్వాత.